సరస్సుల సీమలో సైకిలు తొక్కబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ప్రెస్టన్‌లో ఉద్యోగంలో కుదురుకున్నాక రోడ్డు సైకిలు కొనుక్కున్నావనీ, ఈ ఏడాది ఇంగ్లండు వాయవ్యాన ఉన్న సరస్సుల సీమ లేక్ డిస్ట్రిక్ట్ దారులు తిరగాలని ఉందనీ నువ్వు రాసిన ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. వైద్య ఉద్యోగం కోసం కెండల్ వచ్చి ఇక్కడే ఉండిపోయిన నాకు ఈ సీమను సైకిలు మీద చూడడం కన్నా ఇష్టమైన పని లేదు కనుక, కొంచెం వివరంగానే రాస్తున్నాను. నువ్వు అన్నిటికన్నా ముందు హార్డ్‌నాట్ కనుమ గురించి అడిగావు. దాని సంగతి తప్పకుండా చెబుతాను. అయితే ఇక్కడ దారిని ఎంచుకోవలసింది ఎక్కే ఎత్తును చూసి కాదమ్మా, దిగే వాలును చూసి. ఎక్కలేకపోతే ఎవరైనా సైకిలు దిగి నడవవచ్చు, అందులో ప్రమాదమేమీ లేదు. తడిసిన ఇరుకు దారిలో నిటారుగా దిగుతున్నప్పుడు బ్రేకులు పట్టకపోతే మాత్రం చేయగలిగింది చాలా తక్కువ.

అందుకని నువ్వు మొదట కొనవలసినవి బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ల్యాండ్‌రేంజర్ పటాలు. కెండల్ పరిసరాలకు 97వ పటం, కెస్విక్, పెన్‌రిత్ వైపుకు 90వది, పడమటి లోయలకు 89వది పనికివస్తాయి. దారి మీద ఒక బాణం గుర్తు ఉంటే అక్కడ వాలు 14 నుంచి 20 శాతం వరకు ఉందని, రెండు బాణాలు ఉంటే 20 శాతం దాటిందని అర్థం. బాణం మొన ఎప్పుడూ పల్లం వైపుకే ఉంటుంది. ముందురోజు రాత్రి ఈ బాణాలు చూసుకుంటూ దారి గీసుకుంటే, ఏ కొండను ఏ వైపు నుంచి ఎక్కి ఏ వైపుకు దిగాలో ఇంట్లోనే తేలిపోతుంది. ఫోను మీదే ఆధారపడవద్దు. చాలా లోయల్లో సిగ్నల్ అందదు.

తొలి ప్రయాణానికి కనుమల జోలికి పోకు. ప్రెస్టన్ నుంచి బారో వైపు వెళ్లే రైలెక్కి గ్రేంజ్-ఓవర్-సాండ్స్‌లో దిగు. ఆర్న్‌సైడ్ దాటగానే కెంట్ నది సముద్రంలో కలిసే చోట పొడవైన వంతెన మీదుగా రైలు వెళుతుంది, కిటికీ పక్కన కూర్చో. ఆ మార్గంలో నడిచే నార్తర్న్ కంపెనీ రైళ్లలో సాధారణంగా రెండు సైకిళ్లకే చోటు ఇస్తారు, ముందు వచ్చినవారిదే ఆ చోటు. కనుక పొద్దున్నే బయలుదేరడం మంచిది. గ్రేంజ్ నుంచి చిన్న ఎత్తు దాటితే 12వ శతాబ్దపు చర్చి ఉన్న కార్ట్‌మెల్ గ్రామం వస్తుంది. అక్కడి నుంచి ఉత్తరంగా వింస్టర్ లోయలోకి డొంకదారులు పట్టి, లిత్ లోయ మీదుగా కెండల్ చేరి, పక్కనే ఉన్న ఆక్సెన్‌హోమ్ స్టేషనులో రైలెక్కితే నేరుగా ప్రెస్టన్ చేరుకోవచ్చు. ఏప్రిల్‌లో వెళ్లగలిగితే లిత్ లోయలో డామ్సన్ అనే చిన్న ప్లమ్ పండ్ల చెట్లు తెల్లగా పూసి ఉంటాయి. ఆ లోయ అడుగు చదునుగా ఉండడం వల్ల అలసిన కాళ్లకు చివర్లో విశ్రాంతి దొరుకుతుంది. కోనిస్టన్ సరస్సు తూర్పు ఒడ్డున, రచయిత జాన్ రస్కిన్ నివసించిన బ్రాంట్‌వుడ్ ఇంటి ముందు నుంచి సాగే సన్నని దారి కూడా తొలినాళ్లకు అనువైనదే. బోనెస్ దగ్గర విండర్‌మియర్ సరస్సును ఫెర్రీలో దాటితే హాక్స్‌హెడ్ మీదుగా ఆ దారిని చేరుకోవచ్చు. గాలి ఉధృతంగా ఉన్న రోజున ఆ ఫెర్రీ నడవదు, బయలుదేరే ముందే కనుక్కో.

నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైనది స్కిడా కొండ వెనక వైపు ప్రాంతం. కెస్విక్ వీధులు వేసవిలో యాత్రికులతో కిక్కిరిసి ఉంటాయి. 931 మీటర్ల ఆ కొండకు ఉత్తరాన మాత్రం ఆ సందడి ఏమీ వినిపించదు. కెస్విక్ నుంచి యాపుల్‌త్వైట్, మిల్‌బెక్ పల్లెల మీదుగా కొండ పాదాన్ని పట్టుకుని బాసెన్‌త్వైట్ గ్రామం వైపు వెళ్లి, యూల్డేల్, కాల్డ్‌బెక్, హెస్కెట్ న్యూమార్కెట్ దాటి, మోస్‌డేల్, మంగ్రిస్‌డేల్ మీదుగా దక్షిణానికి దిగితే కొండ చుట్టూ ఒక ప్రదక్షిణ పూర్తవుతుంది. ఇది సుమారు 55 కిలోమీటర్లు ఉంటుంది. కాల్డ్‌బెక్‌లో ఆగి తప్పకుండా ఏదైనా తిను, ఆ తరువాత చాలా దూరం అంగడి కనిపించదు. మోస్‌డేల్ వైపు దారికి కంచె లేదు. ఒక పక్క కొండ, మరో పక్క పచ్చిక బయలు, మధ్యలో గొర్రెలు ఉంటాయి. చివర్లో ఏ66 రహదారి ఎదురైనప్పుడు దాని మీదికి ఎక్కకుండా, పక్కనున్న సైకిలు దారి పట్టి త్రెల్కెల్డ్ చేరుకో. అక్కడి నుంచి కెస్విక్ వరకు 1972లో మూతపడిన రైలు మార్గాన్ని నడకకు, సైకిళ్లకు మార్చారు. 2015 డిసెంబరు వరదల్లో దాని వంతెనలు కొన్ని కొట్టుకుపోగా, మళ్లీ కట్టి 2020 డిసెంబరులో తెరిచారు. గ్రేటా నది పక్కగా సాగే ఆ ఐదు కిలోమీటర్ల దారిలో పిల్లలు, వృద్ధులు కూడా నడుస్తుంటారు కనుక అక్కడ నిదానంగా వెళ్లు.

డొంకదారుల్లో కొన్ని మర్యాదలున్నాయి. ఎత్తైన కంచెమొక్కల మధ్య మలుపు అవతల ఏముందో కనబడదు. కనబడినంత దూరంలో ఆగగలిగే వేగానికి మించి ఎప్పుడూ పోవద్దు. జూన్‌లో పశుగ్రాసం కోసే రోజుల్లో దారి నిండా పట్టేంత వెడల్పైన ట్రాక్టర్లు వస్తాయి, అవి పని మీద ఉన్నవి కనుక మనమే పక్కకు తప్పుకోవాలి. గుర్రం ఎదురైనా, ముందు నడుస్తున్నా దూరం నుంచే మాట వినిపించి, కనీసం రెండు మీటర్లు ఎడంగా, మెల్లగా దాటాలి. గంట కొడితే గుర్రం బెదరవచ్చు. వసంతకాలంలో తల్లి గొర్రె దారికి ఒక పక్కన, పిల్ల మరో పక్కన కనబడితే వెంటనే వేగం తగ్గించు, ఎందుకంటే నిన్ను చూసి ఆ పిల్ల తల్లి దగ్గరికే పరుగెత్తుతుంది. పశువులు దాటకుండా దారికి అడ్డంగా పరిచిన ఇనుప కడ్డీలను చక్రం వంచకుండా, బ్రేకు వేయకుండా, నిటారుగా దాటాలి. వానలో అవి జారుతాయి. సెప్టెంబరు నుంచి రైతులు కంచెమొక్కలు కత్తిరించడం మొదలుపెడతారు, అప్పుడు దారి మీద ముళ్లు పడి పంక్చర్లు ఎక్కువవుతాయి. ఆ కాలంలో రెండు ట్యూబులు, పంపు, ప్యాచీలు లేకుండా ఇల్లు కదలవద్దు.

వాన గురించి నీకు వేరే చెప్పాలా? బారోడేల్ లోయలోని సీత్‌వైట్‌లో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. అంటే మన హైదరాబాదులో కురిసే దానికి మూడు రెట్లు మించి. మే, జూన్ నెలలు కొంత పొడిగా, పగలు పొడుగ్గా ఉంటాయి, జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది. డిసెంబరులో నాలుగు గంటలకే చీకటి పడుతుంది. ఎండ కాస్తున్నా పలుచని వానకోటు, ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం సంచిలో ఉండాలి. పల్లీ పట్టీలు నాలుగు జేబులో వేసుకో, అవి వానకు పాడవవు.

సైకిలు విషయానికి వస్తే, నీ బండికి ముందు చిన్న పళ్లచక్రం 34 పళ్లది, వెనక పెద్దది కనీసం 32 పళ్లది ఉండేలా చూసుకో. 34 అయితే మరీ మంచిది. టైర్లు 28 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. రిమ్‌ను పట్టే బ్రేకులైతే వానలో పట్టు తగ్గుతుంది, పొడవైన దిగుడులో అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ వేడెక్కుతుంది. అవకాశం ఉంటే డిస్క్ బ్రేకులు ఎంచుకో. దిగేటప్పుడు చేతులు హ్యాండిల్ కింది వంపులో ఉంచి, శరీరాన్ని వెనక్కి జరిపి, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. మలుపు మధ్యలో బ్రేకు నొక్కడం మానుకో.

ఇవి అలవాటయ్యాక కనుమల దగ్గరికి రా. కెస్విక్ నుంచి బారోడేల్ గుండా సీటాలర్ చేరి, 356 మీటర్ల హానిస్టర్ కనుమ ఎక్కి, బటర్‌మియర్, క్రమ్మక్ సరస్సుల పక్కగా లోర్టన్ వెళ్లి, విన్‌లాటర్ కనుమ మీదుగా కెస్విక్ తిరిగి రావడం మంచి పరీక్ష. ఈ చుట్టును నేను చెప్పిన దిశలోనే తొక్కు. సీటాలర్ వైపు వాలు 25 శాతం వరకు ఉంటుంది. దాన్ని ఎక్కడం కష్టమే, అయినా వానలో దాన్ని దిగడం కన్నా మేలు. విన్‌లాటర్ వాలు అంత నిటారు కాదు, పైన అడవిలో టీ దొరుకుతుంది. 454 మీటర్ల కిర్క్‌స్టోన్ ఈ సీమలో కార్లు తిరిగే కనుమలన్నిటిలో ఎత్తైనది. దాన్ని ఉదయం పూటే, కార్లు మొదలు కాకముందే దాటాలి. సెలవు రోజుల్లో ఆ వైపు వెళ్లవద్దు.

ఇక హార్డ్‌నాట్. ఎస్క్‌డేల్ వైపు నుంచి దాని వాలు 33 శాతం వరకు ఉంటుంది. మూడు మీటర్లు ముందుకు సాగితే ఒక మీటరు పైకి లేస్తావన్న మాట. ఏటా గ్రాస్‌మియర్ నుంచి జరిగే 112 మైళ్ల సైకిలు యాత్ర ఫ్రెడ్ విటన్ చాలెంజ్‌లో ఈ కనుమ చివరి భాగంలో వస్తుంది, అక్కడ ఎంతోమంది గట్టివాళ్లు దిగి నడుస్తారు. నడవడంలో నామోషీ లేదు, అయితే పెడల్‌కు బిగుసుకునే క్లీట్ల బూట్లతో ఆ వాలు మీద కాలు నిలవదు కనుక అరికాలుకు పట్టున్న బూట్లు వేసుకుని వెళ్లు. పైకి వెళ్లే దారి పక్కన రోమన్ల కోట గోడలున్నాయి, అక్కడ ఆగి ఊపిరి తీసుకో. కనుమ తల నుంచి డడన్ లోయ వైపు దిగుడు కూడా అంతే నిటారు, దాని వెంటనే రైనోస్ కనుమ ఎక్కవలసి వస్తుంది. కనుక దారి పొడిగా ఉండి, గాలి నెమ్మదిగా ఉండి, తోడుగా ఒకరున్న రోజున మాత్రమే అటు వెళ్లు. ప్రమాదం జరిగితే 999కి ఫోను చేసి, పోలీసుల ద్వారా మౌంటెన్ రెస్క్యూ వారిని అడగాలి. సిగ్నల్ లేనప్పుడు తోడున్నవారే సాయం కోసం వెళ్లగలరు, ఒంటరిగా వద్దనడానికి ముఖ్యకారణం ఇదే.

మే నెలలో వీలు చూసుకుని ముందు కార్ట్‌మెల్, లిత్ లోయల చుట్టు పూర్తి చేయి. కెండల్ మీదుగానే వెళ్తావు కనుక ఏ రైలుకు గ్రేంజ్‌లో దిగుతున్నావో ముందురోజు తెలియజేస్తే, నీ బ్రేకులు, గేర్లు ఒకసారి నేనే చూసి పంపుతాను. 97వ పటం నా దగ్గర రెండున్నాయి, అది కొనవద్దు.

ఇట్లు,
మీ మావయ్య