మద్రాసులో నా ఏరువాక

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. రోజుకు వెయ్యి మాటలు, మూడు నెలల్లో నవల అని గోడకు చార్ట్ అంటించావట. మే నెలలో మొదలుపెట్టి పదకొండో రోజుకే ఆగిపోయానని టెన్షన్ పడుతున్నావు. షోళింగనల్లూరులో ఆఫీసు, పైన కత్తిరి ఎండ. పదకొండు రోజులు రాశావంటేనే నాకు ఆశ్చర్యం.

మా నాన్న నెల్లూరు జిల్లాలో సేద్యం చేసేవారు. మృగశిర కార్తె వచ్చిందని పంచాంగం చెప్పినా, మన్ను పిడికిట పట్టి చూసి "ఇంకా కాదు" అనేవారు. బళ్ళో చదువుకున్న ఆరు ఋతువులు మద్రాసుకూ సరిపోవు. శరత్తంటే వెన్నెలని పద్యాలు చెబుతాయా, ఇక్కడ ఆశ్వయుజ కార్తీకాల్లోనే కుండపోత. ఏడాదికి పడే సుమారు 140 సెంటీమీటర్ల వానలో 60 శాతం దాకా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలు తెచ్చేదే. అందరి ఏరువాక జ్యేష్ఠ పున్నమికి. నాది దీపావళి వెళ్ళాక. కొత్త కథ అప్పుడే మొదలుపెడతాను. బయటికి పోలేం, చుట్టాలు రారు.

ఒక జాగ్రత్త. 2015 డిసెంబరు 1 రాత్రి మా కింది వాటాలోకి నీళ్ళొచ్చాయి. మంచం కింద ట్రంకుపెట్టెలో మూడు కథల చిత్తుప్రతులు. సిరా కారిపోయి కాగితాలు అట్టకట్టాయి. రెండు గుర్తుతెచ్చుకుని మళ్ళీ రాశాను. మూడోది చేపలమ్మే ఆవిడ కథ, మొదటి వాక్యం తప్ప ఏమీ దొరకలేదు. అప్పట్నించీ వినాయక చవితి దాటగానే కాగితాలన్నీ అటకెక్కుతాయి. నువ్వు లాప్‌టాప్‌లో రాస్తావు కాబట్టి ఇంకోచోట కాపీ పెట్టుకో.

మార్గశిరంలో రాత ఆపి మైలాపూరు కచేరీలకు పోతాను, క్యాంటీన్ కోసం కూడా, అబద్ధమెందుకు. త్యాగయ్య తెలుగును తమిళ గాయకులు ఒక్కో మాటా విరిచి పాడుతుంటే, ఊపిరి ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. సంభాషణలు రాయడం కొంత అక్కడే నేర్చుకున్నాను. సంక్రాంతి తర్వాత దిద్దుబాటు, ఉగాదికి పత్రికకు పంపడం.

రోళ్ళు పగిలే ఎండల్లో మాత్రం చదువుతాను, అంతే. ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ 1896 నుంచీ ఉంది. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకమూ చేరాల్సిన నాలుగు లైబ్రరీల్లో అదొకటి. ఇంత దగ్గర పెట్టుకుని నువ్వింకా పోలేదంటే కోపమొస్తోంది.

చార్ట్ చించకు. "మే" కొట్టేసి "నవంబరు" అని రాయి. ఆ పదకొండు రోజుల కాగితాలు నాకు పంపు, ఎంత చిత్తుగా ఉన్నా సరే. ఇంటికొస్తే ముందు ఫోన్ చెయ్యి, మధ్యాహ్నం కాసేపు నిద్రపోతాను.