పోయిన ఫైలుకు ఏ సాఫ్ట్‌వేర్? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

డిలీట్ అయిన ఫైళ్ల గురించి గోదావరి డెల్టా నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఐదు ఇక్కడ ఇస్తున్నాం. అందరూ అడిగింది సాఫ్ట్‌వేర్ పేరే. కానీ ఫైలు దేనిలో ఉండేది, ఎలా పోయింది అన్నవి తేలితే తప్ప ఆ పేరు చెప్పలేం. అందుకే జవాబులు ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉన్నాయి.

ప్రశ్న: పెళ్లి ఫొటోలున్న 64 జీబీ ఎస్‌డీ కార్డును, కాపీ అయిపోయిందనుకుని మా కుర్రాడు కెమెరాలోనే ఫార్మాట్ కొట్టేశాడు. ఆ తర్వాత అదే కార్డుతో ఇంకో ఫంక్షన్‌లో వంద ఫొటోలు తీశాడు. రికువా అనే ఫైల్ రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెతికితే ఏమీ దొరకలేదు. పెళ్లివారికి ఏం చెప్పాలో తెలియడం లేదండీ. ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటారు?
– ఫొటో స్టూడియో యజమాని, అమలాపురం

జవాబు: ఇప్పుడే ఏదీ కొనకండి. కార్డును కెమెరాలోంచి తీసి, పక్కనుండే చిన్న మీటను లాక్ వైపు జరపండి. ఇకమీదట ఆ కార్డు మీద ఒక్క అక్షరం కూడా కొత్తగా పడకూడదు.

మామూలు ఫార్మాట్‌లో ఏ ఫొటో ఎక్కడుందో రాసుకున్న పట్టిక చెరిగిపోతుంది, ఫొటోల డేటా అలాగే ఉంటుంది. రికువా మామూలు స్కాన్ ఆ పట్టికలో మిగిలిన పేర్లను పట్టుకునే వెతుకుతుంది కాబట్టి మీకు ఏమీ దొరకలేదు. నిజమైన నష్టం తర్వాత తీసిన వంద ఫొటోల వల్ల జరిగింది. ఒక్కో రా ఫైలు (కెమెరా మెరుగులు దిద్దకుండా దాచే ఫొటో) 25 ఎంబీ అనుకుంటే దాదాపు 2.5 జీబీ మేర పాత డేటా మీద కొత్తది పడింది, ఆ భాగాన్ని ఎవరూ తేలేరు. ఫార్మాట్ అయ్యాక కెమెరా సాధారణంగా కార్డు మొదటి నుంచే రాసుకుంటూ పోతుంది. అందుకని పెళ్లికూతుర్ని చేసినప్పటివి పోయినా జీలకర్ర బెల్లం, తలంబ్రాలు దక్కే అవకాశం బాగానే ఉంది. ఒకవేళ మెనూలో లో లెవెల్ ఫార్మాట్ (కార్డు మొత్తం చెరిపేది) టిక్ చేసి ఉంటే మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

మీకు సరిపోయేది ఫొటోరెక్. పూర్తిగా ఉచితం, సీజీసెక్యూరిటీ సైటులో టెస్ట్‌డిస్క్‌తో కలిపి దొరుకుతుంది. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, జిప్ విప్పి అందులోని క్యూఫొటోరెక్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే చాలు. ఇది పట్టిక జోలికి పోదు. కార్డు ఈ చివర నుంచి ఆ చివరిదాకా చదువుతూ, జేపీజీ ఫైలు మొదలయ్యే గుర్తు ఎక్కడ కనిపిస్తే అక్కడి నుంచి ఫైలును బయటికి తీస్తుంది.

ముందుగా కార్డు మొత్తానికి ఒక ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా నకలు, తీసి పెట్టుకోండి. విన్32 డిస్క్ ఇమేజర్‌తో తీయొచ్చు. అందులో రీడ్, రైట్ బటన్లు పక్కపక్కనే ఉంటాయి. నొక్కాల్సింది రీడ్. పొరపాటున రైట్ నొక్కితే కార్డు చెరిగిపోతుంది, మీటను లాక్‌లో పెట్టమన్నది ఇందుకే. కంప్యూటర్‌లో కనీసం 64 జీబీ ఖాళీ ఉండాలి. సెకనుకు 80 ఎంబీ చదివే కార్డ్ రీడర్‌తో 14 నిమిషాలు, పాత యూఎస్‌బీ 2 రీడర్‌తో అరగంట పైన పడుతుంది. కెమెరాకు కేబుల్ పెట్టి ప్రయత్నించొద్దు, చాలా కెమెరాలు అలా పెడితే డ్రైవ్‌గా కనిపించవు.

తర్వాత క్యూఫొటోరెక్‌లో ఆ ఇమేజ్ ఫైలును చేర్చుకోండి. వెతికే చోటు దగ్గర ఫ్రీ కాకుండా హోల్ ఎంచుకోండి. ఫైల్ ఫార్మాట్స్‌లో అన్నీ తీసేసి జేపీజీ, టిఫ్ మాత్రం టిక్ పెట్టండి. టిఫ్ ఎందుకంటే నికాన్ ఎన్‌ఈఎఫ్, కానన్ సీఆర్2 రా ఫైళ్లను ఫొటోరెక్ ఆ కుటుంబంలోనే లెక్కేస్తుంది. టిఫ్ వదిలేసి ‘రా ఫైళ్లు రాలేదు’ అనుకునేవాళ్లు ఎక్కువ. దొరికినవి దాచే చోటుగా కంప్యూటర్ డ్రైవ్‌నే ఇవ్వండి, కార్డును ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకండి.

వచ్చాక చూస్తే పాత పేర్లు ఉండవు. రెకప్‌డిర్ అనే ఫోల్డర్లలో అంకెల పేర్లతో, ఒక్కో ఫోల్డర్‌కు ఐదొందల చొప్పున పడి ఉంటాయి. ‘ఎఫ్’తో మొదలయ్యేవి అసలు ఫొటోలు, ‘టీ’తో మొదలయ్యేవి చిన్న నమూనా బొమ్మలు. టీ వాటిని పక్కన పడేసి, మిగతావాటిని తీసిన తేదీ, సమయం ప్రకారం పేర్చుకోండి. ఆ వివరం ఫొటోలోనే ఉంటుంది కాబట్టి పెళ్లి వరస దానంతటదే కుదురుతుంది. సగం బొమ్మ, సగం బూడిద రంగు వచ్చినవి మీద వేరే డేటా పడ్డవి. ఫొటో ముక్కలుగా వేర్వేరు చోట్ల పడి ఉన్నా అలాగే వస్తుంది.

పాత పేర్లు, ఫోల్డర్లతో సహా కావాలంటే డీఎండీఈ అనే సాఫ్ట్‌వేర్‌తో అదే ఇమేజ్ మీద ఫుల్ స్కాన్ చేసి చూడండి. ఉచిత కూర్పులో ఒక్కసారికి ఒక ఫోల్డర్ నుంచి 4000 ఫైళ్ల వరకు తీసుకోవచ్చు, ఒక పెళ్లికి అది చాలు. వీడియోల సంగతి వేరు. అవి ముక్కలుగా పడి ఉంటే ఫొటోరెక్ తీసిన ఫైలు ఆడదు. ఫైలు పెద్దదిగానే ఉండి తెరుచుకోకపోతే, అదే కెమెరాతో అదే సెట్టింగ్‌లో తీసిన మంచి వీడియోను నమూనాగా ఇచ్చి అన్‌ట్రంక్ అనే ఉచిత సాధనంతో బాగుచేయడానికి ప్రయత్నించండి.

ప్రశ్న: చెరువుల ఏరియేటర్ల స్పేర్ పార్టుల షాపు మాది. ల్యాప్‌టాప్‌లో లెక్కలు రాసుకునే టాలీ డేటా ఫోల్డర్ షిఫ్ట్ డిలీట్ అయిపోయింది. రికువా పచ్చ చుక్కతో చూపించింది, కానీ తీసిన ఫైళ్లు టాలీలో తెరుచుకోవడం లేదు. ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ ఉందా?
– భీమవరం

జవాబు: మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో దాచే డ్రైవ్) అయితే, ఏ సాఫ్ట్‌వేర్ తెచ్చినా ఇదే జరుగుతుందండీ. ఈ మాట చెప్పడానికి మాకూ కష్టంగానే ఉంది. ఎస్‌ఎస్‌డీలో ఫైలు తీసేయగానే ‘ఈ చోటు ఇక అక్కర్లేదు’ అని విండోస్ డ్రైవ్‌కు చెప్పేస్తుంది. దీన్ని ట్రిమ్ అంటారు, విండోస్ 7 నుంచీ ఉంది. ఆ తర్వాత ఆ చోటు చదివితే డ్రైవ్ సాధారణంగా సున్నాలే ఇస్తుంది. పచ్చ చుక్కకు అర్థం ఆ చోట వేరే ఫైలు పడలేదని మాత్రమే. లోపల డేటా ఉందో లేదో రికువా చూడలేదు. తీసిన ఒక ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా ఖాళీగా కనిపిస్తే ఇక వెతకడం ఆపేయొచ్చు.

ఆ సమయాన్ని వేరే చోట్ల పెట్టండి. పాత పెన్‌డ్రైవ్‌లలో టాలీ బ్యాకప్ ఉందేమో, ఆడిటర్ గారికి పోయినసారి ఇచ్చిన డేటా వాళ్ల దగ్గర ఉందేమో అడగండి. డేటా ఫోల్డర్ వన్‌డ్రైవ్‌లో ఉండి ఉంటే దాని రీసైకిల్ బిన్ చూడండి, సొంత ఖాతాల్లో 30 రోజులు ఉంటుంది. టాలీ ఫోల్డర్ ఉన్న పై ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వెర్షన్స్ కూడా చూడండి. ఏదీ దొరక్కపోతే జీఎస్‌టీ పోర్టల్ ఆదుకుంటుంది. జీఎస్‌టీఆర్-2బీలో మీ కొనుగోళ్లు బిల్లు వారీగా ఉంటాయి. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు అమ్మినవి మీ జీఎస్‌టీఆర్-1లో దొరుకుతాయి. రైతులకు అమ్మినవి మాత్రం మొత్తాలుగానే ఉంటాయి, వాటికి బిల్లు పుస్తకాలే ఆధారం.

ఇదే ఫోల్డర్ మామూలు హార్డ్ డిస్క్‌లోంచి పోయినవాళ్లకు ఒక మాట. ఫొటోరెక్ వాడొద్దు. టాలీకి అంకెల పేరున్న ఫోల్డర్, అందులోని ఫైళ్ల పేర్లు ఉన్నవి ఉన్నట్టు కావాలి. పేర్లతో సహా తెచ్చే రికువా గానీ డీఎండీఈ గానీ వాడండి. సాఫ్ట్‌వేర్‌ను అదే డ్రైవ్‌లోకి డౌన్‌లోడ్ చేశారో, ఆ ఇన్‌స్టాలరే మీ ఫైళ్ల మీద పడొచ్చు.

ప్రశ్న: డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి నా ఫైళ్లన్నీ చూపించింది, సేవ్ చేయాలంటే కొనమంటోంది. ఫ్రెండ్ క్రాక్ ఇస్తానన్నాడు. వాడొచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, తణుకు

జవాబు: క్రాక్ వద్దమ్మా. స్టాప్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ఇలాంటి క్రాక్‌ల ద్వారానే విపరీతంగా పాకింది. అది వస్తే ఇప్పుడు బాగున్న ఫైళ్లకు కూడా తాళం పడుతుంది. ఇక కొనడం సంగతి. ఫైలు పేరు కనిపించినంత మాత్రాన ఫైలు ఉన్నట్టు కాదు. ప్రివ్యూ నొక్కి ఫొటో పూర్తిగా, డాక్యుమెంట్ చివరి పేజీ దాకా కనిపిస్తేనే డబ్బు కట్టడం గురించి ఆలోచించండి. ప్రివ్యూ లేని సాఫ్ట్‌వేర్‌కు రూపాయి కూడా కట్టొద్దు. కట్టేముందు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విండోస్ ఫైల్ రికవరీ ఒకసారి చూడండి. బటన్లు ఉండవు, కమాండ్ టైప్ చేయాలి. ఫైళ్లు పోయిన డ్రైవ్ ఒకటి, దాచే డ్రైవ్ వేరొకటి ఉండాలి.

ప్రశ్న: శుభలేఖల డిజైన్లున్న పెన్‌డ్రైవ్ పెడితే ‘ఫార్మాట్ చేయండి’ అంటోంది. చెక్ డిస్క్ కొట్టమంటున్నారు.
– డీటీపీ సెంటర్, పాలకొల్లు

జవాబు: రెండూ చేయకండి. చెక్ డిస్క్ రిపేరు చేస్తున్నాననుకుని ఫోల్డర్లను తెంపేసి, పేర్లు లేని ముక్కలుగా మిగిల్చే ప్రమాదముంది. ముందు విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సైజు చూడండి. 16 జీబీ డ్రైవ్ 14-15 దగ్గర చూపిస్తే ఆశ ఉంది. సున్నా గానీ ‘నో మీడియా’ అని గానీ వస్తే లోపలి చిప్ పోయినట్టు, సాఫ్ట్‌వేర్‌తో పని జరగదు. సైజు సరిగా ఉంటే, ఫొటోరెక్‌తో కలిసి వచ్చే టెస్ట్‌డిస్క్ తెరిచి, అనలైజ్, క్విక్ సెర్చ్ చేసి, దొరికిన పార్టిషన్ మీద ‘పీ’ కీ నొక్కండి. మీ ఫోల్డర్ల పేర్లు వరసగా కనిపిస్తే చిన్న ‘సీ’ కీతో వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఫైళ్లన్నీ చేతికొచ్చేదాకా రైట్ అన్న ఆప్షన్ ముట్టుకోవద్దు.

ప్రశ్న: వరద నీళ్లలో తడిసిన హార్డ్ డిస్క్‌ను ఎండలో పెట్టి ఆరాక కనెక్ట్ చేస్తే టక్ టక్ మంటోంది. ఫొటోరెక్ పనిచేస్తుందా?
– కోనసీమ లంక గ్రామం నుంచి

జవాబు: వెంటనే కేబుల్ పీకేయండి, మళ్లీ పెట్టొద్దు. టక్ టక్ అంటే చదివే హెడ్ తన చోటు దొరక్క కొట్టుకుంటోందని. చాలా డిస్కులకు గాలి ఆడే సన్నని రంధ్రం ఉంటుంది, అందులోంచి బురద నీళ్లు లోపలికి వెళ్లి ఉంటాయి. ఆరిన ఒండ్రు మీద హెడ్ తిరిగిన ప్రతిసారీ పళ్లెం గీసుకుపోతుంది. ఏ సాఫ్ట్‌వేరూ ఇక్కడ పనికిరాదు. దుమ్ము చేరని క్లీన్ రూమ్ ఉన్న డేటా రికవరీ ల్యాబ్‌కే పంపండి. ఎంతవుతుందో, ఫైళ్లు రాకపోతే ఎంత తీసుకుంటారో, డబ్బు కట్టేముందు ఫైళ్ల జాబితా చూపిస్తారో లేదో ముందే రాయించుకోండి. మూత మీరు విప్పొద్దు, బియ్యంలో పెట్టొద్దు, హెయిర్ డ్రయర్ కొట్టొద్దు. ఇంకా తడిగా ఉన్న డిస్కులు ఎవరి దగ్గరైనా ఉంటే ఆరబెట్టకుండా, ఆ తడితోనే జిప్ కవర్‌లో మూసి, నీళ్లలో మునిగిందని కాగితం మీద రాసి పెట్టి పంపండి.