బైసన్ మందల లెక్క చదువుతానంటోంది మా అమ్మాయి, అప్పు చేసి పంపాలా?

ప్రశ్న: మాది వనపర్తి దగ్గర పల్లె. గొర్రెల మందే మాకు ఆధారం. పెద్దమ్మాయి హైదరాబాద్‌లో బీవీఎస్సీ చివరి సంవత్సరంలో ఉంది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో బైసన్ (అక్కడి అడవి దున్న) మందలను వేటతో అదుపులో పెడతారట, దాని మీద ఎంఎస్ చేస్తానంటోంది. జంతువులను చంపించే చదువేంటని ఇంట్లో పెద్దవాళ్లు బాధపడుతున్నారు. అప్పు చేసి పంపాలా, ఇక్కడే పశువుల డాక్టర్‌గా స్థిరపడమని చెప్పాలా? – ఒక తండ్రి

జవాబు: ముందు ఇంట్లో పెద్దవాళ్ల బాధ గురించి మాట్లాడుకుందాం. ఈ ఉద్యోగంలో తుపాకీ పట్టేది మీ అమ్మాయి కాదు. ఈ ఏడాది ఎన్నింటిని వేటాడనివ్వాలి, అందులో ఆడవెన్ని, మగవెన్ని అని తేల్చడం ఆమె పని. ఇది మీకు తెలియని విద్యేమీ కాదండీ. పొట్టేలు పిల్లల్ని అమ్మి ఆడవాటిని ఉంచుకుంటేనే మంద పెరుగుతుందని మీకు తెలుసు. మేత లేని ఏడాది గొర్రెలను కూడా తగ్గించుకుంటారు. అక్కడా అదే లెక్క. కాకపోతే ఆ మంద కొండల్లో తిరుగుతుంది, మనిషిని దగ్గరికి రానివ్వదు.

యూటాలోని హెన్రీ పర్వతాల మంద గురించి చెబుతాను. 1941లో ఎల్లోస్టోన్ పార్కు నుంచి 18 బైసన్లను తెచ్చి అక్కడి ఎడారిలో వదిలారు, మరుసటి ఏడాది ఇంకో 5 మగవాటిని కలిపారు. అవి మెల్లగా కొండలెక్కి అక్కడే స్థిరపడ్డాయి. ఆ కొండల్లో తోడేళ్లు లేవు. అదే గడ్డి మీద స్థానిక రైతుల ఆవులూ మేస్తాయి. మంద పెరిగేకొద్దీ గడ్డి చాలదు, రైతులతో తగవు మొదలవుతుంది. అందుకే వేట సీజన్ ముగిశాక సుమారు 325 పెద్ద బైసన్లు మిగలాలని అక్కడి వన్యప్రాణి శాఖ లక్ష్యం పెట్టుకుంది. ఎక్కువైన మేరకు లాటరీలో పర్మిట్లు ఇస్తారు. ఒక మనిషికి ఆ పర్మిట్ జీవితంలో ఒక్కసారే.

మరి కొండల్లో దాక్కున్న మందను లెక్కపెట్టేదెలా? హెలికాప్టర్‌లో తిరుగుతారు. అయినా చెట్ల కింద ఉన్నవి కనబడవు. అందుకని ముందే కొన్నింటి మెడకు రేడియో కాలర్ (ఎక్కడుందో సిగ్నల్ పంపే పట్టీ) కడతారు. ఉదాహరణకు 40 కాలర్లు కడితే పైనుంచి 30 కనబడ్డాయనుకోండి. అంటే నాలుగింట మూడు వంతులే కనబడుతున్నాయన్నమాట. ఆ రోజు మొత్తం 270 లెక్కకొస్తే మంద దాదాపు 360. ఇక ఆడా మగా తేడా చూడాలి. బైసన్లలో రెండింటికీ కొమ్ములుంటాయి, దూరం నుంచి పోల్చుకోవడం కష్టం. మగదాని కొమ్ము మొదట్లో లావుగా ఉండి పక్కలకు సాగుతుంది, ఆడదాని కొమ్ము సన్నగా ఉండి కొస లోపలికి వంగుతుంది. ఆడవాటికిచ్చిన పర్మిట్లతో మగవాటిని కొడితే మంద తగ్గదు, వచ్చే ఏడాది దూడలు అన్నే పుడతాయి.

వేట అంటే నాకూ మనసు ఒప్పదు. కానీ ఒకప్పుడు ఉత్తర అమెరికాలో కోట్లలో ఉన్న బైసన్లు లెక్కాపత్రం లేని వేట వల్ల 1880ల చివరికి వెయ్యి లోపుకు పడిపోయాయి. ఇప్పుడు ఆ లెక్క రాసేవాళ్లు ఉన్నారు, మీ అమ్మాయి చేరదామనుకుంటున్నది వాళ్లలోనే. ఈ పద్ధతి అన్నిచోట్లా పనిచేయదని కూడా ఆమెకు తెలియాలి. అరిజోనా రాష్ట్రంలోని గ్రాండ్ కాన్యన్ లోయకు ఉత్తరం వైపున్న మంద, బయట వేటాడుతున్నారని గ్రహించి, వేట నిషేధం ఉన్న పార్కులోకి చేరి అక్కడే ఉండిపోయింది. 2021లో పార్కువాళ్లే మందను తగ్గించడానికి, బైసన్లను కాల్చే వాలంటీర్ల కోసం అడిగితే 45 వేల మందికి పైగా దరఖాస్తు చేశారు, 12 మందికే అవకాశం దక్కింది, చివరికి కొట్టింది నాలుగింటినే.

బీవీఎస్సీ ఇక్కడ పెద్ద బలం. ఎల్లోస్టోన్ బైసన్లలో బ్రూసెల్లోసిస్ ఉంది, మన దగ్గర పశువులు ఈసుకుపోయే జబ్బే అది. అది ఆవులకు అంటుతుందన్న భయం చుట్టూనే అక్కడి గొడవలన్నీ తిరుగుతాయి. ఆ జబ్బు చదివిన పిల్లను ఏ ప్రొఫెసరైనా శ్రద్ధగా చూస్తాడు. ఆమెకు తక్కువపడేది స్టాటిస్టిక్స్, అంటే గణాంకాల లెక్క. ‘ఆర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇప్పటి నుంచే నేర్చుకోమనండి.

అప్పు మాత్రం వద్దు. ఈ రంగంలో రీసెర్చ్ ఎంఎస్ సీట్లు చాలావరకు ప్రొఫెసర్ దగ్గరున్న ప్రాజెక్టు డబ్బుతో నడుస్తాయి. అసిస్టెంట్‌షిప్ (చదువుతూ ప్రొఫెసర్ దగ్గర చేసే పని) దొరికితే ఫీజు మాఫీ అవుతుంది, నెలనెలా స్టైపెండ్ వస్తుంది. అందుకే దరఖాస్తుకు ముందే ప్రొఫెసర్‌కు మెయిల్ రాయాలి. యూటా స్టేట్, మోంటానా స్టేట్, అలాస్కా ఫెయిర్‌బ్యాంక్స్ యూనివర్సిటీలు చూడమనండి. అసిస్టెంట్‌షిప్ లేకుండా అడ్మిషన్ మాత్రమే వస్తే వదిలేయండి, పొలం తాకట్టు పెట్టకండి. ఇంకో మాట దాచకుండా చెప్పాలి. అక్కడి ఫెడరల్ ఉద్యోగాలకు మామూలుగా ఆ దేశ పౌరసత్వం అడుగుతారు, రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు వీసా స్పాన్సర్ చేయడం అరుదు. పరిశోధన వైపు వెళ్లాలి, లేదా తిరిగి రావాలి.

తిరిగొస్తే ఇక్కడ వేట పని ఉండదు. మన అడవి దున్నకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గట్టి రక్షణ ఉంది. లెక్కల పని మాత్రం బోలెడు: పులుల గణన, పంటల మీద పడే అడవి పందులు, పశువుల నుంచి అడవికి పాకే జబ్బులు. పశువైద్య డిగ్రీతో యూపీఎస్సీ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష కూడా రాయవచ్చు. డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థలో ఎమ్మెస్సీని రెండో దారిగా చూసుకోమనండి.

ఈసారి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు అమ్మాయిని మంద దగ్గరికి తీసుకెళ్లండి. ఈ ఏడాది ఏ పొట్టేళ్లను అమ్ముతున్నారు, ఏ గొర్రెను ఎందుకు ఆపుకున్నారు, పోయినేడు ఎన్ని పిల్లలు చచ్చిపోయాయి, అన్నీ చెప్పండి. ఆమెను నోట్‌బుక్‌లో రాసుకోమనండి. ప్రొఫెసర్‌కు రాసే మొదటి మెయిల్‌లో ఆ లెక్క ఉండాలి.