సందేహాలు – సమాధానాలు: చెవికి మందా, చెవిలో మందా?

సందేహం: మా మనవడికి చెవిపోటు వస్తే డాక్టరు గారు యాంటీబయాటిక్ సిరప్ రాశారు. "బాబుకు చెవి మందు తాగించావా?" అని కోడలిని అడిగాను. చెవి మందు అంటే చెవిలో వేసేదేనని మా తమ్ముడు తప్పుపట్టాడు. ఆ మందు గొంతులోంచి చెవికి పాకుతుందని కోడలు అంటుంది. ఈ మాటలు సరైనవేనా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: మీ మాట తప్పు కాదండి. దగ్గు మందు దగ్గును తగ్గించేది, ఎలుకల మందు ఎలుకలను చంపేది, నిద్ర మందు నిద్ర పట్టించేది. విభక్తి లోపించినప్పుడు సంబంధాన్ని అర్థమే చెప్పాలి. 'చెవికి మందు' అని విడదీస్తే తాగేది కూడా అవుతుంది, 'చెవిలో మందు' అంటే చుక్కలే. 'కు', 'లో' రెండింటినీ మన సంప్రదాయ వ్యాకరణం షష్ఠీ విభక్తి కిందే చేర్చింది కనుక షష్ఠీ తత్పురుష అన్నంత మాత్రాన తేడా తేలదు.

'పాకు' మాత్రం ఇక్కడ పొసగదు. ముక్కు వెనక, గొంతు పైభాగం నుంచి నడిమి చెవికి ఒక సన్నని నాళం ఉన్న మాట నిజం. పిల్లల్లో అది పొట్టిగా, ఇంచుమించు అడ్డంగా ఉంటుంది. జలుబు చేసినప్పుడు క్రిములు పాకేది ఆ దారినే. మందు దారి వేరు. తాగిన అమాక్సిసిలిన్ వంటి యాంటీబయాటిక్ చిన్నపేగుల్లో నెత్తురులో కలిసి, కాలేయం, గుండె దాటి ఒళ్లంతా తిరుగుతుంది. నడిమి చెవి లోపలి పొర నిండా సన్నని రక్తనాళాలే. వాపు వల్ల వాటి గోడలు వదులవుతాయి, మందు అక్కడి చీములోకి దిగుతుంది.

ఇందుకు తగిన క్రియ మీ ఊళ్లోనే ఉంది: 'ఊరు'. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నిండుగా పారుతుంటే, గట్టు తెగకుండానే పక్క చేలోకి నీరు ఊరుతుంది కదా! మందు కూడా చెవిలోకి ఊరుతుంది. నెత్తురులో ఉన్నంత అక్కడ ఉండదు, చేరేది కూడా కాస్త ఆలస్యంగానే. ఆ తరుగు, ఆ ఆలస్యం 'ఊరు'లో వినిపిస్తాయి, 'పాకు'లో వినిపించవు. డాక్టరు చెప్పిన మోతాదును ఇంట్లో తగ్గించకూడదనడానికి ఇదొక ముఖ్య కారణం.

చుక్కల సంగతంటారా, కర్ణభేరికి చిల్లు లేకపోతే అవి దాన్ని దాటి లోపలికి పోలేవు.

ఒక్క జాగ్రత్త. సీసాను మరొకరి చేతికి ఇచ్చేటప్పుడు 'చెవి మందు' అని వదిలేయకండి, 'చెవిపోటుకు తాగించే మందు' అని పూర్తిగా చెప్పండి. వ్యాకరణం రెండర్థాలనూ ఒప్పుకుంటుంది కాబట్టే, ఆ సిరప్‌ను ఎవరైనా పిల్లవాడి చెవిలో పోసే ప్రమాదం ఉంది.