బొమ్మ గూడ కుండే బిడ్డా

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటోలు చూసిన, ఆ పగిలిన మట్టి తలకాయ బొమ్మ ఫోటో అయితే జూమ్ చేసి చేసి చూసిన. నెల రోజులు కూసోని చేసినవంట, కాల్చంగనే మెడకాడ చీలి వెనకదిక్కు మొత్తం ఊడిపడ్డదంట, ఇగ నాతోని కాదత్తా కుండలే చేసుకుంట అని వాయిస్ మెసేజ్ పెట్టినవ్, ఏడ్సుకుంట. ఏడ్సుడు అయిపోయిందా? అయితే ఇప్పుడు ఆ పెంకులు చేతిల పట్టుకోని మందం చూడు. చెంపకాడ వేలంత ఉన్నది, మెడకాడ పిడికిలంత ఉన్నది. కుండ గట్ల చేస్తమా మనం?

నేను చెప్పెడిది అసలు గీ ఒక్క ముచ్చటే. బొమ్మ గూడ కుండే. ముక్కు చెవులు ఉన్న కుండ. కాలేజీల మీకు బయటి రూపం మంచిగ నేర్పిస్తరు, నాకు రానిది గూడ నీకు వస్తది అండ్ల, గని లోపల ఏమున్నదో ఎవ్వలు అడగరు. మీ నాయిన సారె మీద, అదే కుమ్మరి చక్రం మీద, కూజా తీస్తుంటే ఒకసారి ఊకె నిలవడి చూడు, మనకు బయటి చెయ్యి కనవడ్తది గని పని చేసేది లోపలి చెయ్యి.

నన్నైతే సారె ముట్టనియ్యలే. మన ఇంట్ల ఆడోళ్లు మట్టి తొక్కాలె, జల్లెడ పట్టాలె, సగం ఆరిన కుండల రాయి పెట్టి బయటికెల్లి చెక్కతోని కొట్టి కొట్టి సాపాలె, గంపల పెట్టుకోని అంగడికి మోయాలె, సారె మాత్రం మొగోళ్లది. మీ మామకు నడుము పడిపోయినంక ఇంట్ల తిండికి లేక నేను కూసున్న, అప్పుడు ఊరోళ్లు ఏమేం అన్నరో అది వేరే కథ, ఇంటికి వచ్చినప్పుడు చెప్త. గని తర్వాత బొమ్మలకు దిగినప్పుడు నాకు అక్కరకొచ్చింది ఆ సారె కాదు, చెక్క రాయి పని. బోలు గోడను లోపలికెల్లి నెట్టి బుగ్గ తేవాలె, బయటికెల్లి కొట్టి దవడ తేవాలె. ముద్ద మీద మట్టి అతికించుకుంట పోతే గది రాదు.

నమ్మకం లేకుంటే తమిళనాడుల అయ్యనార్ అనే ఊరి దేవుని గుళ్లకాడ గుర్రాలు చూసి రా. మనిషికంటే ఎత్తువి, మట్టియే. చేసేటోళ్లు వేళార్లు అని మనలెక్క కుమ్మరోళ్లే, ఆ గుళ్లల్ల పూజారులు గూడ వాళ్లే ఉంటరు. గుర్రం కాళ్లు ఏమనుకున్నవ్, నిలవెట్టిన బోలు గొట్టాలు, కడుపు ఒక పెద్ద బాన, కింద కొంచెం ఆరినంకనే మీద వరుస ఎక్కిస్తరు. అంత దూరం ఎందుకంటే మన సంగారెడ్డి దిక్కు కొండాపూర్ మ్యూజియం ఉన్నది, పొద్దుగాల బస్సెక్కితే పగటికి తిరిగి రావచ్చు. శాతవాహనుల కాలం బొమ్మలు, తెల్లటి సన్న మట్టి, ముందు ఒక అచ్చు వెనక ఒక అచ్చు వత్తి రెండు అతికిచ్చినయ్, లోపల ఖాళీ. 1940లల్ల ఆ దిబ్బలు తవ్వితే బయటవడ్డయ్. ఆ కొప్పులు, ఆ చెవుల కమ్మలు చూస్తే నేనైతే గంట సేపు కదల్లే, అక్కడి మనిషి వచ్చి టైమ్ అయింది అన్నదాక.

ఇంకోటి, మట్టిల గాలి బుడగ ఉంటే పేలుతది అని మీ సారు చెప్పిండన్నవ్. గాలి పేలదు బిడ్డా, నీళ్లు పేలుతయ్. 100 డిగ్రీలు దాటితే మందమైన మట్టిల దాగిన తడి ఆవిరై పదహారు వందల రెట్లు పెరుగుతది, బయటికి పోయే తొవ్వ లేకుంటే గోడను తన్నుకోని వస్తది. గందుకే రెండు అడుగుల బొమ్మకు గోడ వేలు మందం, అంటే ఒక సెంటీమీటరు, కొంచెం ఎక్కువ, అంతే, అన్ని దిక్కుల ఒక్కతీరుగ. మందం ఉండుడు కంటే ఒకదిక్కు మందం ఒకదిక్కు పల్చన ఉండుడు ఇంకా చెడ్డది, పల్చన దిక్కు ముందు ఆరి గుంజుకుంటది, మందం దిక్కు రానియ్యది, చీలుతది. నీ మెడకాడ అయింది గదే. మూసిన బొమ్మకు అడుగున ఒక బొక్క మర్చిపోకు. మొదలు ముద్దగనే చేస్తెనే నీకు రూపం వస్తది అంటే చెయ్యి, వద్దంటలేను, గని పచ్చితోలు లెక్క అయినంక తీగతోని రెండు ముక్కలు కోసి లోపలంత తోడెయ్యి, అంచులు గీతలు గీకి చిక్కటి మట్టినీళ్లు పూసి మళ్ల అతుకు, అతుకు మీద చెక్కతోని మెల్లగ కొట్టు. లోపల ఇనుప చువ్వ మాత్రం ఉంచకు, మట్టి గుంజుకుంటది ఇనుము గుంజుకోదు. ఊతం కావాలంటే పేపర్ ఉండలు పెట్టు, కాలి బూడిదైతయ్.

మన్ను సంగతి. మన చెరువు మన్ను కుండకు పుట్టింది, సన్నగ జిగురుగ ఉంటది, పెద్ద బొమ్మకు అదొక్కటే పెడితే ఆరుడు ఆరుడే పర్రెలు. కాల్చిన పెంకుల పొడి కలుపు, నాలుగు పాళ్లల్ల ఒక పాలు దాక. రాజస్థాన్ మొలేల ఊర్ల దేవుళ్ల ఫలకలు చేసేటోళ్లు గాడిద లద్దె కలుపుతరు, అది కాలిపోయి మట్టిల సన్న సన్న తొవ్వలు అయితయ్, ఆవిరి సుఖంగ పోతది. మన కాడ ఇప్పుడు గాడిదలు యాడున్నయ్, నేను వరి ఊక జల్లెడ పట్టి వేస్త. పెంకుల పొడి కొనకు, నీ తలకాయ ఉన్నది గద, రోట్లేసి దంచు. మూతికి బట్ట కాదు మంచి మాస్క్ కట్టుకో, కింద పడ్డ దుమ్ము చీపురుతోని ఊడ్వకు తడి బట్టతోని తుడువు. మా పెద్దాయన దగ్గుకుంట దగ్గుకుంటనే పోయిండు, మేము బీడీలు అనుకున్నం, ఇప్పుడు ఆ దుమ్మే అనిపిస్తది.

కొత్త మన్ను తెచ్చిన ప్రతిసారి ఒక మట్టి పట్టీ చేసి దాని మీద 10 సెంటీమీటర్ల గీత గియ్యి. ఆరినంక కొలువు, కాల్చినంక కొలువు. మన మన్ను దగ్గర దగ్గర ఒక సెంటీమీటరు తగ్గుతది. ఇది చేయకుంట ఎవ్వలకన్న సైజు చెప్పి ఆర్డర్ ఒప్పుకున్నవో, ఇగ నీ ఇష్టం.

ఆరపెట్టుడు మీ పిలగాండ్లతోని అస్సలు కాదు, ఎండల పెట్టి ఫ్యాన్ గూడ వేస్తరు! పెద్ద బొమ్మకు రెండు మూడు వారాలు నీడ. ప్లాస్టిక్ కవర్ కప్పాలె, చెవులు వేళ్లు లాంటి సన్నటియి ఇంకొక్కసారి చుట్టాలె, పొద్దుకొక్కసారి కవర్ తిరగేసి నీళ్లు తుడవాలె. అడుగున ఇసుక పలుచగ చల్లు, బొమ్మ గుంజుకునేటప్పుడు జారుతది. చెంపకు ఆనించి చూడు, చల్లగ తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

కాల్చుడు నువ్వు స్టూడియో కిల్న్ బట్టీల కాల్చినా మన ఆవంల కాల్చినా మొదటి మంట పిల్లను లేపినట్టు ఉండాలె. బట్టీ బొక్కకాడ అద్దం ముక్క పెట్టు, ఆవిరి పట్టుడు బంద్ అయ్యేదాక మంట పెంచకు. మళ్ల 573 డిగ్రీలకాడ మట్టిల ఉన్న ఇసుక ఒక్కసారిగ ఉబ్బుతది, చల్లారేటప్పుడు అదే కాడ ముడుచుకుంటది, గందుకే రెండుసార్లు మెల్లగ పోవాలె. తొందరవడి తలుపు తీస్తే టింగుమని చప్పుడు వస్తది, ఆ చప్పుడు విన్నంక చేసేదేం ఉండదు. ఇంకో మాట, నేను ఒక స్టూడియోల పని చేసినప్పుడు మన ఎర్రమట్టి బొమ్మను వాళ్ల తెల్లమట్టి సామాను పక్కన 1200 దాటిన మంటల పెట్టిన్రు, నేను వద్దంటనే ఉన్న. తెల్లారి చూస్తే బొమ్మ కూసున్నది, బెల్లం పాకం లెక్క కరిగి బట్టీ లోపలి పలకకు అతుక్కున్నది, పలక పైసలు నా జీతంల కోసిన్రు! మన మన్నుకు 900, 950 చాలు. నల్లగ కావాలంటే వేడి మీద ఉన్నప్పుడే ఊక వేసి బొక్కలన్ని మూసెయ్యి, పొగ తాగుతది. నిజామాబాద్ నల్లమట్టి అని వింటవ్ చూడు, అది మన నిజామాబాద్ కాదు, యూపీల ఆజంగఢ్ దిక్కుది, మన పొలగాండ్లు చాన మంది మనదే అనుకుంటరు.

ఇగ పైసలు. కుండలు బంద్ పెట్టి మొత్తం బొమ్మలే చేస్త అనే ఆలోచన ఉంటే తీసెయ్. ఎండకాలం రంజన్లు, ఆషాఢంల బోనాల కుండలు, దీపావళికి ప్రమిదలు, పెండ్లిళ్లకు ఐరేని కుండలు, ఇయ్యి నీ కరెంటు బిల్లు కడ్తయ్, బొమ్మ ఎప్పుడు అమ్ముడువోతదో దేవునికే తెల్వదు. నా మొదటి గుర్రం నాలుగేండ్లు ఇంట్లనే ఉన్నది, కోళ్లు ఎక్కేటియి. ఒక గ్యాలరీ వాళ్లు ఆరు బొమ్మలు తీసుకపోయి సగం పైసలు వాళ్లే పట్టుకున్నరు, మిగిలిన సగానికి ఏడాది తిప్పిన్రు, పైగ కింద నా పేరు లేదు. గందుకే పచ్చిగ ఉన్నప్పుడే అడుగున నీ పేరు, ఏ ఏడాదో గియ్యి, కాగితం రాసుకోకుంట గడప దాటనియ్యకు. మీ నాయినను గూడ ఖాదీ కమిషన్ల అడగమను, కుమ్హార్ సశక్తికరణ్ అనే పథకం కింద 2018 నుంచి కరెంటు సారెలు ఇయ్యవట్టిన్రు, ఆయన మోకాళ్లు ఇగ ఆ రాతి సారెకు పనికిరావు. మొండోడు, నువ్వే ఫారం నింపు.

చదువు అయినంక పుదుచ్చేరి పోతనన్నవ్, పో. అక్కడి గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ 1971ల పెట్టింది, ఈ దేశంల స్టూడియో పని చేసేటోళ్లు చాన మంది ఆడ నేర్చుకున్నోళ్లే. వాళ్ల మంట వేరు మన మంట వేరు, రెండు తెలిస్తే మంచిదే.

ఆషాఢం పని మొదలుగాకముందు ఒక పది రోజులు ఇటు రా. మన్ను తొక్కి తడి గోనెసంచి కింద పెట్టిన, నీకోసమే. దంచిన పొడి జల్లెడ పట్టి తెచ్చుకో, నా జల్లెడ చిరిగింది. నీ కొలత పట్టీలు గూడ తే, మీ కాలేజీ మన్ను ఎంత గుంజుకుంటదో నేను గూడ చూడాలె.

మీ అత్త