వాగ్దాన కార్డు చెప్పనిది

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది అంబాజీపేట దగ్గర ఒక పల్లె. నా భర్త మూడేళ్ల క్రితం ప్రభువునందు నిద్రించారు. నాకు అరవై రెండేళ్లు. ఎకరంన్నర కొబ్బరితోట, పెంకుటిల్లు చూసుకుంటూ ఒంటరిగా ఉంటున్నాను. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి, రెండూ అమ్మేసి తన దగ్గరికి వచ్చేయమంటున్నాడు. తణుకులో ఉన్న అమ్మాయి తొందరపడవద్దంటోంది. 1996 తుఫానులో పాత చెట్లు పడిపోతే మా ఆయన మళ్లీ నాటిన తోట అది. మొన్న డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, బైబిలు వచనం అచ్చువేసిన వాగ్దాన కార్డు తీస్తే నాకు యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం వాగ్దానంగా వచ్చింది. అది వెళ్లమని చెప్పడమేనని అబ్బాయి అంటున్నాడు. ప్రార్థన కూటంలో ఒక సహోదరి మాత్రం, నేను ఇల్లు కదలకూడదని దేవుడు తనతో చెప్పాడంటోంది. దేవుని చిత్తం నాకు తెలిసేదెలా?

జవాబు: అమ్మా, ముందుగా ఆ కార్డు సంగతి మాట్లాడుకుందాం. ముప్పై ఏళ్లు మా సంఘంలో ఆ కార్డులను పళ్లెంలో పేర్చినవాణ్ణి నేనే గనుక ఈ విషయంలో నాకు కొంత చనువుంది. పైన ఉన్నది వదిలి అడుగున ఉన్నది లాగేవారిని, వచనం మనసుకు నచ్చకపోతే ఎవరూ చూడకుండా తిరిగి పెట్టేసి ఇంకొకటి తీసుకునేవారిని ఏటా చూశాను. కొత్త సంవత్సరానికి ఒక మంచి మాట గుండెల్లో పెట్టుకుని ఇంటికి వెళ్లడం మంచిదే. ఆ మాటతో స్థలాలు అమ్మడం, పెళ్లిళ్లు కుదర్చడం మాత్రం మంచిది కాదు. సమాధానకరమైన ఉద్దేశాలను గూర్చి, నిరీక్షణను గూర్చి చెప్పే ఆ 11వ వచనం దాదాపు ప్రతి ఏడూ కార్డుల్లో ఉంటుంది. దానికి ముందున్న 10వ వచనాన్ని కార్డు మీద అచ్చువేసినవారిని నేను ఇంతవరకు చూడలేదు. బబులోనుకు డెబ్బై సంవత్సరాలు గడిచిన తరువాతనే మిమ్మును తిరిగి రప్పిస్తానని అందులో ఉంది మరి.

ఆ అధ్యాయం, యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా వెళ్లినవారికి యిర్మీయా పంపిన ఉత్తరం. రెండేళ్లలోనే అందరూ తిరిగి వచ్చేస్తారని అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త దేవుని పేరుతోనే ప్రకటించాడు. వినేవారికి అది ఎంతో ఇంపుగా ఉండి ఉంటుంది. యిర్మీయా ఉత్తరమేమో, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి అని చెప్పింది. కాబట్టి "దేవుడు నాతో చెప్పాడు" అన్న మాట వినగానే, అది ఎంత నచ్చినా, ఎంత భయపెట్టినా, తలవంచవలసిన అవసరం లేదు. మీ సహోదరి మంచి మనసుతోనే అని ఉండవచ్చు. అయినా మీకు చెప్పవలసిన మాటను దేవుడు మీకు చెప్పకుండా పక్కింటివారి ద్వారా మాత్రమే పంపిస్తాడని నేను అనుకోను.

ఆ ఉత్తరం మీకు వెళ్లమనీ చెప్పదు, ఉండమనీ చెప్పదు. తాము కోరుకోని ఊరిలో కూడా దేవుడు తమతో ఉంటాడని ఆనాటివారికి చెప్పింది. మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాక నాకు అనిపించినదేమంటే, మీరు అడిగినది చిత్తం గురించే అయినా మిమ్మల్ని పీడిస్తున్నది భయం. అపార్టుమెంటులో నాలుగో అంతస్తులో, తెలిసిన మొహం లేని చోట, ఈ తోటలో మీ ఆయన పక్కన నిలబడి ప్రార్థించినట్లు ప్రార్థించగలనా అన్న భయం అది. అందుకు మీరు సిగ్గుపడనక్కరలేదు. ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండానే డెబ్బై ఐదేళ్ల వయసులో హారాను విడిచిన అబ్రాహాముకు ఆ రాత్రి నిద్ర పట్టిందని ఎక్కడా రాసి లేదు.

నడిపింపు అంటే ఆకాశం నుంచి స్వరం వినిపించాలని మనలో చాలామంది కాచుకుని ఉంటారు. మన గోదావరి డెల్టాకు 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సేవ చేసిన బౌడెన్, బీర్ దంపతులు, ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వచ్చి అడిగితే బయలుదేరినవారు. ఒక మనిషి అడగడం, మనసు ఒప్పుకోవడం, చేతనైన పని కళ్లముందు ఉండడం కూడా నడిపింపే. అరణ్యంలో ఇశ్రాయేలీయులు తమను నడిపించే మేఘం లేచినప్పుడు బయలుదేరారని మనం ప్రసంగాల్లో చెబుతాం గానీ, అది గుడారం మీద రెండు రోజులున్నా, నెల ఉన్నా, ఏడాది ఉన్నా వారు కదలకుండా దిగి ఉన్నారని సంఖ్యాకాండం 9వ అధ్యాయం చెప్పే మాటను తొందరగా దాటేస్తాం.

లొల్ల లాకులు మీరు చూసే ఉంటారు. కాలువల్లో పడవలు తిరిగిన రోజుల్లో పడవ లాకులోకి రాగానే వెనక తలుపులు మూసేవారు. ముందు తలుపులు మాత్రం లోపలి నీరు, బయటి నీరు ఒక మట్టానికి వచ్చేదాకా తెరుచుకునేవి కావు. పడవవాడు ఎంత అరిచినా, తలుపులు తీసే లస్కరుకు పట్టేది కాదు. మీ ఇంటి సంగతిలో నేను చెప్పేదీ అదే. ఇప్పుడే అమ్మవద్దు. తోటను ఒక ఏడాదికి కౌలుకివ్వండి, ఇంటి తాళం అమ్మాయికి ఇచ్చి, హైదరాబాదులో ఆరు నెలలు ఉండి చూడండి. అక్కడ సంఘం దొరుకుతుందో లేదో, కోడలితో పొద్దు ఎలా గడుస్తుందో, మోకాళ్లు మెట్లు ఎక్కనిస్తాయో లేదో అక్కడుంటేనే తెలుస్తుంది. వెళ్లి తిరిగి రావచ్చు గానీ, రిజిస్ట్రేషన్ అయిన తోట తిరిగి రాదు.

ఇంకొక మాట, ఇది ఆత్మీయ విషయం కాదనుకోవద్దు. తోట మీ భర్త పేరున ఉండి, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, మిగిలినది పిల్లలకు సమానంగా వస్తుంది. అంటే మీ ముగ్గురికీ తలా మూడో వంతు. అమ్మాయి సంతకం లేకుండా మొత్తం అమ్మడం కుదరదు. కాబట్టి దేవుని చిత్తం పేరుతో ఎవరు కాగితం ముందు పెట్టినా, వకీలుకు చూపించకుండా వేలిముద్ర గానీ సంతకం గానీ వేయకండి.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర. ఉపవాసముండి ప్రార్థన చేసిన తరువాతే వరి పొలాన్ని రొయ్యల చెరువుగా మార్చాను. రెండు పంటలు తెల్ల మచ్చ రోగంతో పోయాయి. దేవుడే నన్ను తప్పుదారి పట్టించాడా?

జవాబు: తమ్ముడూ, మీ దుఃఖాన్ని తేలికగా తీసుకోవడం లేదు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో పౌలును ఆసియలో వాక్యం చెప్పకుండా ఆత్మ ఆపింది, బితూనియకూ వెళ్లనివ్వలేదు; త్రోయలో మాసిదోనియ మనిషి దర్శనంలో కనిపించి పిలిచాడు. అంత స్పష్టంగా పిలుపు అందుకుని వెళ్లినవాడు ఫిలిప్పీలో బెత్తం దెబ్బలు తిని, కాళ్లకు బొండ (కొయ్య బంధం) వేయించుకున్నాడు. నష్టం వచ్చినంత మాత్రాన దారి తప్పినట్లు కాదు.

అయితే ఉపవాసానికి ముందే పక్క చెరువువాడి లాభం చూసి మనసులో నిశ్చయించుకుని, తరువాత దేవుని సంతకం అడిగారేమో మీరే ఆలోచించుకోవాలి. ఆ పని నేనూ చేశాను. రొయ్య పిల్లను పరీక్ష చేయించకుండా చెరువులో వదిలి ఉంటే, ఆ భారం దేవుని మీద వేయకండి. చెరువు ఎండగట్టి మళ్లీ వరికి రావాలని ఉంటే, గట్లు కొట్టించే ముందే మట్టిలో ఉప్పు ఎంత ఉందో పరీక్ష చేయించుకోండి. తొలకరికి కాలువలు వదిలేలోగా ఆ కాగితం మీ చేతిలో ఉండాలి.