పిల్లికి, కుక్కకు, కుందేలుకు నెట్‌లో చదివి మనమే మందు వేయొచ్చా?

మీ ఇంట్లో కుక్క, పిల్లి, కుందేలు మూడూ ఉన్నాయని, చిన్న చిన్నవాటికి నెట్‌లో చదివి మీరే మందు వేయొచ్చా అని అడిగారు. పిల్లి ఒళ్ళు వెచ్చగా ఉంది, సగం పారాసెటమాల్ వేద్దామనుకుంటున్నానని కూడా రాశారు. ముందు ఆ మాత్ర పక్కన పెట్టేయండి. పారాసెటమాల్‌ను అరాయించుకునే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. రక్తం ఆక్సిజన్ మోయలేకుండా పోతుంది, ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు. ఇప్పటికే వేసి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా డాక్టర్ దగ్గరికి బయల్దేరండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి పొరపాటే నేనూ చేశాను. మా కుక్కకు పిడుదులు పడితే మెడ మీద వేసే చుక్కల మందు తెచ్చాను. కుక్కల గైడ్ ఒకటి పూర్తిగా చదివి, బరువు చూసి, సరిగ్గానే వేశాను. పిల్లి కూడా అదే గోనెపట్టా మీద పడుకుంటుంది కదా అని, మిగిలిన నాలుగు చుక్కలు దాని మెడ మీద వేశాను. సాయంత్రానికి చెవులు అదరడం మొదలైంది. తర్వాత ముందుకాళ్ళు వణికాయి. గిన్నె దగ్గరికి నడవబోయి పక్కకు ఒరిగిపోయింది. ఆ మందులో ఉన్నది పెర్మెత్రిన్. కుక్కకు పనికొచ్చే ఆ మందు పిల్లికి విషం. నేను చదివింది కుక్కల పేజీ, అందులో పిల్లి ఊసే లేదు. డాక్టర్‌కు ఫోన్ చేస్తే, గిన్నెలు తోమే లిక్విడ్‌తో గోరువెచ్చని నీళ్ళలో కడిగి, తుడిచి వెంటనే తీసుకురమ్మన్నారు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచితే బతికింది.

అయినా గైడ్‌లు చదవడం మానలేదు. మెర్క్ వెటర్నరీ మాన్యువల్ అనే పశువైద్య గ్రంథం నెట్‌లో ఉంది, అందులో పెంపుడు జంతువులున్నవాళ్ళ కోసం విడిగా రాసిన భాగం ఉంది, ఉచితమే. ఏ జంతువుకు ఆ జంతువు పేజీయే తెరుస్తాను, అదీ డోసు కోసం కాదు, ఏది మామూలో తెలుసుకోవడానికి. కుక్కకైనా పిల్లికైనా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి మామూలే. మన చేతికి అది జ్వరంలాగే తగులుతుంది. మీ పిల్లికి అసలు జ్వరం ఉందో లేదో థర్మామీటర్ పెడితేనే తెలుస్తుంది.

కుందేలు సంగతి ఇంకా వేరు. కుక్క ఒక పూట తినకపోతే నేను కంగారుపడను. ఒక రాత్రి మా కుందేలు కొత్తిమీర ముట్టలేదు. ట్రేలో పెంటికలు నాలుగే ఉన్నాయి, అవీ మిరియాలంత. 12 గంటలు తినకపోతే కుందేలుకు పేగు కదలిక ఆగిపోయి ప్రాణం మీదికి రావచ్చని అంతకుముందే చదివి ఉన్నాను కాబట్టి, పొద్దున చూద్దాంలే అనుకోలేదు. ఆ రాత్రే తీసుకెళ్ళాం.

మిగిలిన కూరన్నం పెట్టే అలవాటుంటే ఉల్లి, వెల్లుల్లి ఉన్నది కుక్కకూ పిల్లికీ పెట్టకండి.

ఇక మీ పిల్లి. ఈ పూట ఏమైనా తిందా, మూత్రం పోసిందా చూడండి. చిగుళ్ళు వేలితో నొక్కి వదలండి, రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగు రావాలి. దాన్ని ఎత్తుకుని బరువు చూసుకుని, మీ బరువు తీసేస్తే దాని బరువు వస్తుంది. ఇవన్నీ రాసుకుని, అది నడుస్తుండగా వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి. మగపిల్లి అయి, ముక్కుతున్నా చుక్క మూత్రం రాకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకండి.